సూక్ష్మదర్శినిలో చీకటి మాత్రమే కనిపిస్తుంటే...

ఈ మాసం మాకు అందిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. రాయలసీమలోని ఒక చిన్న పట్టణం నుండి ఒక సోదరి వ్రాశారు. ఆమె కుట్టుపని చేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నారు. పెద్దమ్మాయి ఇంటర్మీడియెట్‌లో బైపీసీ విద్యార్థిని. ల్యాబ్ టెక్నీషియన్ కావాలన్నది ఆ అమ్మాయి కోరిక. పండుగ బట్టల కూలీలో మిగిల్చిన 4,000 రూపాయలు పెట్టి తల్లి ఒక పాత సూక్ష్మదర్శినిని కొన్నారు. తెచ్చిన నాటి నుండి అందులో చీకటి తప్ప మరేమీ కనిపించడం లేదట. "ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని ముందే చెప్పాం కదా అని ఇంట్లో పెద్దలు అంటున్నారు. అమ్మినవారు నెలాఖరులోగా ఇస్తే తిరిగి తీసుకుంటామన్నారు. ఇవ్వమంటారా, ఉంచమంటారా?" అని ఆమె ప్రశ్న.

పత్రికలో జవాబు ప్రచురించే సమయానికి నెలాఖరు దాటిపోతుంది. అందువల్ల ఉత్తరంలో ఉన్న నంబరుకు ఆ సాయంత్రమే మేము ఫోన్ చేశాము. అయితే ఆ సంభాషణ ఆ ఒక్క ఇంటికే పరిమితం కాకూడదనిపించి, ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

ముందుగా చీకటి సంగతి. వెయ్యేళ్ల క్రితం బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో ఒక విషయాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్ల మనకు చూపు కలగడం లేదు. వస్తువు నుండి వెలుగు వచ్చి కంటిలో ప్రవేశించడం వల్లనే కలుగుతున్నది. ఇప్పుడిది పాఠశాల పిల్లలకు కూడా తెలిసిన సంగతే. కాని సూక్ష్మదర్శిని ముందు కూర్చోగానే మనలో చాలామంది దానిని మరచిపోతారు. గొట్టంలోకి కన్నుపెట్టి, మరలు తిప్పుతూ, ఏదో కనిపిస్తుందని ఎదురు చూస్తారు. వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదో చూడరు.

"చెల్లెమ్మా, అడుగున గుండ్రటి అద్దం ఉందా, దీపం ఉందా?" అని అడిగాము. అద్దమే ఉందన్నారు. పరికరం గదిలో ఒక మూల బీరువా పక్కన ఉన్నదట. దానిని కిటికీ దగ్గరకు చేర్చమన్నాము. ఎత్తేటప్పుడు ఒక చేత్తో వంపు తిరిగిన మెడను పట్టుకుని, రెండో చేతిని పీఠం కింద ఆనించమని చెప్పాము. బిందెను పట్టినట్లు పైభాగం పట్టి లేపితే ఏదో ఒకనాడు కటకం జారి నేలపాలవుతుంది. కిటికీ దగ్గరకు చేర్చిన పిమ్మట, కటకాల చక్రాన్ని అన్నింటికన్నా పొట్టి కటకం కిందికి వచ్చేవరకు, 'టిక్' అని చిన్న శబ్దం వినిపించేవరకు తిప్పమన్నాము. రెండు కటకాల మధ్య చక్రం నిలిచిపోతే వెలుగుకు దారే ఉండదు. ఆ తరువాత స్టేజి కింద ఉన్న డయాఫ్రం మీటను తెరవమని, అద్దాన్ని ఆకాశం వైపు మెల్లగా తిప్పమని చెప్పాము. కొన్ని క్షణాలు అటువైపు నిశ్శబ్దం. ఆ పైన అమ్మాయి గొంతు వినిపించింది: "తెల్లగా వచ్చిందండీ! గుండ్రంగా, చంద్రుడిలాగా!"

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. అద్దాన్ని ఆకాశం వైపు తిప్పవచ్చు, తెల్లని గోడ వైపు తిప్పవచ్చు, బల్లదీపం వైపు తిప్పవచ్చు. సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ తిప్పరాదు. కటకాలగుండా వచ్చే ఎండ క్షణంలో కంటిపొరను కాల్చివేయగలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో నేరుగా ఎండపడే కిటికీ వద్ద సూక్ష్మదర్శినిని ఉంచకపోవడమే మేలు. అద్దానికి రెండు ముఖాలుంటాయి. స్టేజి కింద కండెన్సర్ అనే కటకం ఉన్న పరికరమైతే సమతలంగా ఉన్న ముఖాన్ని, అది లేని పరికరమైతే లోపలికి వంగిన ముఖాన్ని వాడాలి.

మొట్టమొదట ఏం చూడాలి? కొత్తవారు అందరూ క్రిముల కోసం ఆరాటపడతారు. మేము మాత్రం అక్షరాన్ని చూడమంటాము. పాత వార్తాపత్రిక నుండి ఒక చిన్న అక్షరం కత్తిరించి, స్లైడుపై ఒక నీటిబొట్టులో ఉంచి, కవర్ స్లిప్ కప్పి, అతి తక్కువ శక్తిగల కటకంతో చూడండి. అక్షరం తలకిందులుగా కనిపిస్తుంది. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. చేతికి ఈ తికమక అలవాటు కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అది అలవాటు కాకుండా నీటిలో పరుగులు తీసే జీవులను వెంటాడబోతే విసుగు తప్ప ఏమీ మిగలదు.

శక్తి లెక్క చాలా సులువు. పైన కన్నుపెట్టే కటకం 10 రెట్లు, కింది కటకం 4 రెట్లు పెద్దది చేసి చూపితే మొత్తం 40 రెట్లు. కింది కటకాన్ని 10కి మారిస్తే 100 రెట్లు, 40కి మారిస్తే 400 రెట్లు. ఎప్పుడూ చిన్నదానితోనే మొదలుపెట్టాలి. చూడదలచినది దొరికిన తరువాత దానిని సరిగ్గా నడిమధ్యకు తెచ్చి, అప్పుడే పై శక్తికి వెళ్లాలి. శక్తి పెరిగేకొద్దీ కనిపించే ప్రదేశం కుంచించుకుపోతుంది గనుక, అంచున ఉన్నది కనుమరుగవుతుంది.

అందరూ తడబడేది పెద్ద మర దగ్గర. గొట్టంలోకి చూస్తూ కటకాన్ని స్లైడు వైపుకు దించరాదు. ముందు పక్కనుండి చూస్తూ, కటకం స్లైడుకు దగ్గరగా వచ్చేవరకు దించండి. ఆ తరువాతే కన్ను పెట్టి, ఆ రెండూ ఒకదానికొకటి దూరమయ్యే దిశలో మాత్రమే మరను తిప్పుతూ పోండి. బొమ్మ మసకగా తేలగానే చిన్న మరతో సరిచేయండి. 40 కటకంతో చూస్తున్నప్పుడు పెద్ద మర జోలికి పోనేకూడదు. దాని మొనకూ స్లైడుకూ మధ్య ఎడం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఇంకొక చిన్న విషయం: కవర్ స్లిప్ అడుగువైపుకు వచ్చేలా స్లైడును తిరగేసి పెడితే చిన్న శక్తిలో అంతా బాగానే కనిపిస్తుంది, పెద్ద శక్తిలో ఎంత తంటాలుపడినా స్పష్టత రాదు. పరికరం చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోయినవారిని మేమెరుగుదుము.

రెండు కళ్లూ తెరచి చూడడం అలవాటు చేసుకోవాలి. ఒక కన్ను మూసుకుని చూసేవారికి పావుగంటలో తలనొప్పి వస్తుంది. వెలుగు ఎక్కువైతే బాగా కనిపిస్తుందన్నది కూడా భ్రమే. రంగులేని కణాలు మిక్కుటమైన వెలుగులో కరిగిపోయినట్లు మాయమవుతాయి. డయాఫ్రంను కొంత మూయండి, అంచులు తేలతాయి. ఈ మీటను సగం మంది అసలు ముట్టుకోరు. మా దృష్టిలో ఇది మరలకన్నా ముఖ్యమైనది.

అక్షరం తరువాత ఉల్లిపొర. ఉల్లిగడ్డ రేకు లోపలివైపు నుండి కాగితంకన్నా పలుచని పొర సులభంగా ఊడివస్తుంది. దానిని ముడతలు పడకుండా నీటిబొట్టులో పరచి, పలుచన చేసిన టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క వేయండి. కవర్ స్లిప్‌ను ఒక అంచు ముందు ఆనించి, ఏటవాలుగా మెల్లగా వాల్చండి. ధబీమని వేస్తే గాలిబుడగలు చిక్కుకుంటాయి. నల్లని మందపాటి అంచుతో, నిండు గుండ్రంగా కనిపించే ఆ బుడగలను చూసి ఏదో ప్రాణి అనుకుని బొమ్మ గీసి తెచ్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఉల్లిపొరలో కణాలు ఇటుకల గోడ పేర్చినట్లుంటాయి. ఒక్కొక్క ఇటుకలో ఒక పసుపుపచ్చని చుక్క: అదే కేంద్రకం. ఆ పిమ్మట చెరువునీరు, నాచు, సీతాకోకచిలుక రెక్కపొడి, ఉప్పుకల్లు, వంటింటి పసుపు... ఇంట్లోనే ఏడాదికి సరిపడా పని ఉంది. రక్తం మాత్రం ఇంట్లో వద్దు. సూదులతో పిల్లలు ప్రయోగాలు చేయడం క్షేమకరం కాదు. అది శిక్షణ గలవారి సమక్షంలో జరగవలసిన పని.

ఆ సోదరి ఇంట్లో అదే సాయంత్రం ఉల్లిపొర వరకు వచ్చారు. 4, 10 కటకాలలో బాగుంది. 40కి మార్చగానే పొగమంచు పట్టినట్లుందని అమ్మాయి చెప్పింది. మాకు గుండె జారినంత పనైంది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం మేము మచిలీపట్నంలో ఉండగా, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఒక సూక్ష్మదర్శిని కొనిచ్చాము. నెల తిరగకముందే ఒకరోజు వాడు స్నేహితులకు చూపిస్తూ కటకాన్ని స్లైడు మీదికి దించి, స్లైడు పగులగొట్టాడు. రెండు రూపాయల గాజుపలక. మేము మాత్రం వేల రూపాయల వస్తువు పాడుచేశావని అందరి ముందూ కేకలు వేశాము. పరికరాన్ని దాని చెక్కపెట్టెలో పెట్టి, బీరువాలో బట్టల కింద దాచి తాళం వేశాము. అది జూన్ నెల. అర్ధ సంవత్సర పరీక్షల తరువాత ఇస్తామన్నాము. ఆ మధ్యలో సముద్రతీరపు వానాకాలం అంతా గడచిపోయింది. డిసెంబరులో తీసి చూస్తే 40 కటకం లోపల సాలెగూడు అల్లినట్లు సన్నని దారాలు. బూజు! విప్పి చూసిన మెకానిక్, బూజును తుడవగలను గాని అది గాజుపై పూతను తినేసిన మచ్చ మాత్రం పోదన్నాడు. మా అబ్బాయి ఆ కటకాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాడు. "అబ్బా, దీన్ని నేను పాడుచేయలేదు కదా" అన్నాడు. అంతే. ఆ తరువాత వాడు దానిని ఎన్నడూ అడగలేదు. కామర్సు చదివి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అందులో బూజు పాత్ర ఎంతో, మా తాళం పాత్ర ఎంతో నేటికీ మేము తేల్చుకోలేకపోతున్నాము.

కనుక భద్రపరచడం గురించి మేము చెప్పేది అనుభవంతో కూడినది. మన వాతావరణంలో కటకానికి ధూళికన్నా తేమ పెద్ద శత్రువు. గాలి ఆడని చెక్కపెట్టె, తోలు సంచి, బట్టల బీరువా: ఈ మూడూ బూజుకు పుట్టిళ్లు. వాడుకలో ఉన్న రోజుల్లో పరికరాన్ని గాలి తగిలే గదిలో బల్లపైనే ఉంచి, శుభ్రమైన నూలు గుడ్డ కప్పితే చాలు. వర్షాకాలంలో చాలా రోజులు వాడమనుకుంటే కటకాలను విప్పి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఉంచండి. నీలంగా ఉండే రకం సిలికా జెల్ తేమ పీల్చుకున్నకొద్దీ గులాబీ రంగుకు మారుతుంది; అప్పుడు వేడిచేస్తే మళ్లీ నీలమవుతుంది. ఆ పని వంట పాత్రలో చేయకండి, పిల్లల చేతికి అందనీయకండి. కటకాలు విప్పిన రంధ్రాలకు మూతలు పెట్టడం మరవరాదు. పై కటకం లేకుండా గొట్టాన్ని ఖాళీగా వదిలేస్తే ధూళి నేరుగా లోపలికి దిగుతుంది. పూర్వం కళాశాల ప్రయోగశాలల్లో సూక్ష్మదర్శినులుంచే బీరువాలో ఒక చిన్న బల్బును వెలుగుతూ ఉంచేవారు. ఆ గోరువెచ్చదనమే బూజును దూరంగా ఉంచేది. అన్నింటికన్నా మంచి ఉపాయం మరొకటుంది: వారానికొకసారైనా దానిని వాడడం.

సరే, ఆ పొగమంచు సంగతికి వద్దాము. మసక ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. చూస్తూనే పై కటకాన్ని వేళ్లతో మెల్లగా తిప్పాలి. మరక కూడా తిరిగితే అది పై కటకం మీద ఉన్నట్లు. స్లైడును జరిపితే కదిలితే స్లైడు మీద. కింది కటకం మార్చగానే మాయమైతే ఆ కటకం మీద. ఏం చేసినా కదలకపోతే కండెన్సర్ మీదనో, అద్దం మీదనో ఉన్నట్లు. ఇక్కడ 40 కటకంలోనే మసక ఉంది. అది బూజా, పైపై మురికా? కటకాన్ని విప్పి, పై కటకాన్ని తలకిందులుగా భూతద్దంలా పట్టుకుని దాని మొనను చూడమన్నాము. కొంతసేపటికి, "జిగురు ఎండినట్లు పసుపుగా ఏదో అంటుకుని ఉంది" అని జవాబు వచ్చింది. మా ప్రాణం కుదుటపడింది.

అది నూనె. 100 కటకం ఒక్కదానికే స్లైడుకూ మొనకూ మధ్య ఒక చుక్క ప్రత్యేకమైన నూనె వేస్తారు. వెలుగు గాజు నుండి గాలిలోకి వచ్చేటప్పుడు వంగి చెదరిపోతుంది. గాజువలెనే వెలుగును వంచే ఈ నూనె నడుమ ఉంటే చెదరకుండా కటకంలోకి చేరుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె దీనికి బదులు కావు. అయితే నూనె వేసిన స్లైడు మీదికి పొరపాటున 40 కటకాన్ని తిప్పితే దానికీ అంటుకుంటుంది. ఎవరూ తుడవకపోతే ఎండి గట్టిపడుతుంది. పాతవి కొనేవారు ముందుగా చూడవలసిన చోటు ఇదే.

తుడవడానికి చున్నీ కొంగు, చొక్కా అంచు, టిష్యూ కాగితం ఏవీ పనికిరావు. మన కంటికి కనిపించని ఇసుకరేణువు ఒక్కటి చాలు, గాజుమీద గీత పడిపోతుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ధూళిని ఎగరగొట్టాలి. తరువాత లెన్స్ పేపర్‌ను మడిచి, నోటి ఆవిరి తగిలించి, ఒత్తకుండా మధ్యనుండి అంచుకు తుడవాలి. నూనె ఐతే ఆ కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా, కారకుండా, తడిపి తుడవాలి. ద్రవాన్ని నేరుగా కటకం మీద పోస్తే లోపలి గాజులను పట్టి ఉంచే జిగురు కరిగిపోవచ్చు. కటకం లోపలి భాగాలను మాత్రం ఇంట్లో ఎవ్వరూ విప్పరాదు. మెకానిక్ పనిని మెకానిక్‌కే వదలాలి.

పెద్దల అభ్యంతరం గురించి కూడా ఆ సోదరి అడిగారు. సికింద్రాబాదులో జరిగినదొకటి వారికి వినిపించమన్నాము. 1897 ఆగస్టు 20న బేగంపేట ఆసుపత్రిలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షిస్తూ అందులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టజెప్పారు. ఆగస్టు ఎండలో, దోమలు ఎగిరిపోకుండా పంకా కూడా ఆపి పనిచేస్తుంటే, నుదుటినుండి కారిన చెమటకు తన సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయని, మిగిలిన ఒకేఒక్క పై కటకం పగిలి ఉందని రాస్ తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. హుసేన్ ఖాన్‌కు ఆ అణాలే మిగిలాయి. ఈ సంగతి వ్రాసిన ప్రతిసారీ మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. మలేరియా ఉన్నదా లేదా తేల్చే ముఖ్యమైన పద్ధతుల్లో ఒకటి నేటికీ ల్యాబులో ఒక టెక్నీషియన్ కూర్చుని, స్లైడుపై పరచిన రక్తాన్ని 100 కటకంతో పరిశీలించడమే. ఆ అమ్మాయి కోరుకుంటున్నది ఆ కుర్చీనే.

కొత్తగా కొనేవారికి ఒక మాట. పెట్టెమీద "1200 రెట్లు" అని మెరిసే అక్షరాలున్న ప్లాస్టిక్ బొమ్మలను చూసి మోసపోకండి. మంచి కటకంమీద రెట్ల అంకె పక్కన మరో చిన్న అంకె ఉంటుంది. 4కు 0.10, 10కి 0.25, 40కి 0.65, 100కు 1.25 అన్నవి సాధారణంగా కనిపించేవి. దానిని 1000తో గుణించండి. ఆ కటకంతో నిజంగా ఉపయోగపడే గరిష్ఠ శక్తి సుమారుగా అంతే. అంతకుమించి పెంచితే మసకే పెద్దదవుతుంది. ఆ చిన్న అంకె లేని వస్తువును కొనకపోవడమే మంచిది. మన దేశంలో హర్యానాలోని అంబాలా వీటి తయారీకి పేరుపొందింది. అక్కడినుండి వచ్చే మామూలు విద్యార్థి రకం ఇంటికి ధారాళంగా సరిపోతుంది. 100 కటకం లేకపోయినా మొదటి రెండేళ్లు లోటేమీ తెలియదు.

నాలుగు రోజుల తరువాత ఆ సోదరి మళ్లీ ఫోన్ చేశారు. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికింది; లెన్స్ పేపర్ కోసం అమ్మాయి కళ్లద్దాల దుకాణానికి వెళ్లిందట. నాలుగైదుసార్లు తుడిచిన తరువాత నూనె వదిలింది. ఇప్పుడు 40లో కేంద్రకం అంచు కూడా తెలుస్తున్నదని చెప్పారు. మరి తిరిగి ఇవ్వడం? "ఇంకా నెలాఖరు కాలేదు కదా భాయ్‌సాబ్, చూద్దాం" అని నవ్వారు. ఆ వెనుక నుండి ఎవరిదో వృద్ధురాలి కంఠం గట్టిగా వినిపించింది. ఏమంటున్నారని అడిగాము.

"అత్తమ్మగారండీ. ఉర్దూ పేపరు ముక్క పెట్టి చూపించమన్నారు. అక్షరం తలకిందులుగా ఉంది, మిషను బాగా లేదు, సరిచేయమంటున్నారు."